పంపు మార్చే ముందు వైరు చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు, కారు ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు తోడే పంపు గోలే. ఎండాకాలం మరి. మన సీమలో ఏప్రిల్ వచ్చిందంటే పొలంలో నీళ్ల మోటారూ కాలుతుంది, కార్లో పంపూ కాలుతుంది. కాలకపోయినా కాలిందని చెప్పేవాళ్లు దొరుకుతారు. అందుకే బ్రేకులు, ఏసీల గురించి రాసినవాళ్లు ఒక నెల ఆగండి, ఈ నెలంతా పంపే.

అనంతపురం నుంచి ఒక పాఠకుడు: అన్నా, నాది 2009 శాంత్రో. కర్నూలు పోతుంటే గుత్తి దాటాక బండి టప్పున ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు. అరగంట చెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యి డోన్ దాకా పోయింది, అక్కడ మళ్లీ ఆగింది. మెకానిక్ పంపు పోయిందని కొత్తది వేశాడు. వారం బాగుంది, మళ్లీ అదే కథ. ఇప్పుడు ఇంకో పంపు వేద్దామంటున్నాడు. వేయించమంటావా?

వద్దు. రెండో పంపుకు డబ్బులు తీసే ముందు మీరే ఇంటి దగ్గర నాలుగు పనులు చేయండి. మూడు నాలుగు వందలకు దొరికే మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు.

మొదటిది చెవితో చేసే పని. ఇంట్లో టీవీ, ఫ్యాను కట్టేసి, కారు అద్దాలు ఎత్తి, తాళం చెవి ఆన్‌లోకి తిప్పండి, సెల్ఫ్ కొట్టొద్దు. వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా ఝుంయ్ అని వినిపించి ఆగాలి. ఆగిపోయిందేమిటని కంగారు పడకండి, అది అలాగే ఆగాలి. పైపుల్లో ప్రెషరు నింపేసి, ఇంజను తిరుగుతోందని బండిలోని కంప్యూటర్‌కు కబురు అందేదాకా పంపు నిలబడుతుంది. యాక్సిడెంట్ అయ్యి ఇంజను ఆగితే పంపు అలాగే తిరుగుతూ రోడ్డంతా పెట్రోలు పోయకుండా పెట్టిన ఏర్పాటు అది. బండి మొరాయించినప్పుడు, అంటే వేడి మీద ఆగిపోయి ఉన్నప్పుడే ఈ చప్పుడు వినాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వింటే అన్నీ బాగానే ఉంటాయి.

చప్పుడు లేదనుకోండి, ఫ్యూజు చూసి, తర్వాత రిలే, అంటే పంపుకు కరెంటును కలిపి, తెంచే చిన్న డబ్బా, చూడండి. చాలా కార్లలో హారన్ రిలే, పంపు రిలే ఒకే రకం, ఒకే సైజు. కాళ్లు, పైన రాసిన నంబరు సరిపోయాయో లేదో చూసుకొని రెండూ అటుదిటు ఇటుదటు మార్చండి. బండి స్టార్ట్ అయ్యి హారన్ మూగబోయిందంటే మీ పంపు ఖర్చు వంద, నూటయాభైతో తేలిపోయినట్టే. వేడెక్కితే తెగి, చల్లారితే కలుసుకునే రిలేలు నేను గంపెడు చూశాను, మీ బండి లక్షణం కూడా అచ్చం అదే.

రిలే బాగుందంటే అప్పుడు సీటు ఎత్తాలి. శాంత్రో, ఐ10 లాంటివాటిలో వెనక సీటు కిందే మూత ఉంటుంది కాబట్టి మీకు సులువు, కొన్ని కార్లలో ట్యాంకు కిందికి దించితే గాని పంపు కనపడదు. పంపు కనెక్టర్ దగ్గర కరెంటు కొలవండి. ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. ప్లగ్గు ఊడదీసి మీటరు పెడితే 12 ఓల్టులు చూపిస్తుంది, "కరెంటు ఫుల్లుగా ఉంది, పంపే పోయింది" అని తీర్మానం చేసేస్తారు. లోడు లేనప్పుడు తుప్పు పట్టిన వైరు కూడా 12 చూపిస్తుందండీ. కొళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో నీళ్లు నిండుగానే ఉంటాయి, తిప్పితే కదా ధార ఎంతో తెలిసేది. ప్లగ్గు పెట్టే ఉంచి, పంపు తిరుగుతుండగా, ప్లగ్గు వెనక నుంచి సన్న పిన్నుతో కొలవాలి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికీ ఇక్కడ ఉన్నదానికీ అర ఓల్టుకు మించి తేడా ఉందంటే మధ్యలో ఎక్కడో తింటోంది. రెండు ఓల్టులు తింటోందంటే ఆ పంపు ఏడుస్తూ తిరుగుతున్నట్టే, ఎంత కొత్తది వేసినా అంతే.

రెండు సెకన్లలో కొలవడం ఎలా అంటారా. రిలే పీకి, సాకెట్‌లో 30, 87 అని అంకెలున్న రెండు కాళ్లను మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరు ముక్కతో కలిపితే పంపు ఆగకుండా తిరుగుతుంది. ఆ రెండే, పక్క కాళ్లు ముట్టొద్దు. అంకెలు కనపడకపోతే ఈ పని మానేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ప్లస్ వైరు కొలిచి ఊరుకోకండి, ఎర్త్, అంటే బండి బాడీకి బిగించిన మైనస్ వైరు, అదీ కొలవాలి. నా కథే చెప్తాను. పాతికేళ్ల కిందట నంద్యాల రోడ్డులో ఒకాయన కారుకు నేను మూడు పంపులు మార్చాను, మూడూ నా చేతులతోనే. మూడోది కూడా నెలలో మూలిగేసరికి సిగ్గేసి, రాత్రి షట్టరు దించి మొత్తం వైరింగ్ వెతికితే, డిక్కీ కార్పెట్ కింద ఎర్త్ వైరు బోల్టు దగ్గర పచ్చగా చిలుం పట్టి ఉంది. వాన నీళ్లు దిగి అలా అయింది. గరుకు కాగితంతో రుద్ది, కొత్త బోల్టు వేసి, కాస్త గ్రీజు పూస్తే ఆ బండి తర్వాత ఆరేళ్లు తిరిగింది. మూడు పంపుల డబ్బులు ఆయన ఇచ్చాడు, రెండింటివి నేను తిరిగి ఇచ్చాను. ఆ ఒక్కటి ఎందుకు ఉంచుకున్నానో ఇప్పటికీ నాకు జవాబు లేదు.

ఇంకొక అనుమానం మిగిలింది. బండి ఆగిపోయినప్పుడు తాళం తిప్పితే ఝుంయ్ అని వస్తోంది, కానీ సెల్ఫ్ కొడుతుంటే స్టార్ట్ కావడం లేదు, ఆర్‌పీఎం ముల్లు కూడా సున్నా మీద నుంచి లేవడం లేదు అంటే అసలు దొంగ పంపు కాకపోవచ్చు. ఇంజను తిరుగుతోందని కంప్యూటర్‌కు కబురు పంపే క్రాంక్ సెన్సర్ అని ఇంజను పక్కన ఒకటుంటుంది. అది వేడికి చచ్చి చల్లారితే బతుకుతుంది, అది కబురు పంపకపోతే కంప్యూటర్ పంపునూ తిప్పదు, స్పార్క్ ప్లగ్గుకు కరెంటూ ఇవ్వదు. గుత్తి దగ్గర ఆగి, డోన్ దగ్గర ఆగే బండికి నేను ముందు చూసేవి రిలే, క్రాంక్ సెన్సర్, ఎర్త్. పంపు నా లెక్కలో నాలుగోది.

కర్నూలు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి: బ్రో, నాది 1.2 పెట్రోల్ స్విఫ్ట్. గంటకు 255 లీటర్లు కొట్టే రేసింగ్ పంపు ఆన్‌లైన్‌లో చూశాను. వేస్తే పికప్ పెరుగుతుందా? ఇంట్లోనే మార్చుకోవచ్చా?

తమ్ముడూ, నాకు అరవై దాటాయి, బ్రో అన్నందుకు సంతోషం. ఇంజనీరింగ్ చదువుతున్నావు కాబట్టి లెక్క చేద్దాం. నీ ఇంజను దాదాపు 85 గుర్రాలది. యాక్సిలరేటర్ నేలకు ఆనించి, పూర్తి బలంతో గంటసేపు ఆపకుండా పరిగెత్తిస్తే, బళ్లారి చౌరస్తాలో అది కుదరదనుకో, అది తాగేది ఎంత కాదన్నా గంటకు 30 లీటర్లలోపే. మామూలుగా హైవే మీద వెళ్తే గంటకు ఐదారు లీటర్లు. కంపెనీ వేసిన పంపే ఆ 30 లీటర్లకు రెండింతలు పైగా తోడుతుంది. మిగిలింది, ప్రెషరును అదుపులో ఉంచే రెగ్యులేటర్ మళ్లీ ట్యాంకులోకి వదిలేస్తుంది. ఇప్పుడు 255 వేశావంటే రెగ్యులేటర్ వదలాల్సింది ఎక్కువవుతుంది, అంతే. గిన్నెడు అన్నం తినేవాడి ముందు గంగాళం పెట్టినట్టు.

నష్టాలు మాత్రం ఉన్నాయి. పెద్ద పంపు కరెంటు ఎక్కువ లాగుతుంది, ఆ సన్న వైరు, ఆ చిన్న రిలే దానికి పెట్టినవి కావు. అంత పెట్రోలు ఊరికే తిరుగుతుంటే ట్యాంకులో ఉన్నదంతా వేడెక్కుతుంది. రెగ్యులేటర్ అంత వదల్లేకపోతే ప్రెషరు పెరిగి మిక్చర్ చెడి, మైలేజీ పోయి, సైలెన్సర్ నల్లగా మారుతుంది. టర్బో వేసి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మార్చి, కంప్యూటర్‌లో పెట్రోలు లెక్క మార్చిన బండికి పెద్ద పంపు కావాలి. నీ బండికి అక్కర్లేదు.

అప్‌గ్రేడ్ చేయాలని చేతులు దురద పెడుతుంటే ఈ పనులు చెయ్. ఐదేళ్లు దాటిన బండి అయితే బ్యాటరీ నుంచి నేరుగా 2.5 ఎంఎం వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, మంచి రిలే ఒకటి పెట్టి పంపుకు కరెంటు ఇవ్వు, పాత వైరు రిలేను ఆన్ చేయడానికి మాత్రమే వాడు. అప్పుడు పాత పంపే కొత్తదానిలా కొడుతుంది. పంపు అడుగున ఉండే జల్లెడ, అదే స్ట్రెయినర్, తీసి చూడు. మన వైపు దుమ్ము, బంకు ట్యాంకు అడుగున ఉండే చెత్త కలిసి అది నల్లగా మారి ఉంటుంది. జల్లెడ మూసుకుపోతే ఎక్కుడులో బండి లాగదు, సమంగా ఉన్న రోడ్డు మీద బాగానే ఉంటుంది. చాలామంది దాన్ని పంపు బలహీనపడిందని అనుకుంటారు. ఇంకొకటి, ట్యాంకు లోపల పంపుకు ఉండే చిన్న గొట్టం. దాన్ని మార్చాల్సి వస్తే పెట్రోలులో మునిగి ఉండటానికి చేసిన గొట్టమే అడుగు. బయట వాడే పెట్రోలు పైపు ముక్క కోసి పెడితే నెలల్లో ఉబ్బి, పగిలి, లోపలే కారుతుంది, పంపు తిరుగుతున్నా ఇంజనుకు ప్రెషరు రాదు. అప్పుడు మళ్లీ నాకు ఉత్తరం రాస్తావు.

కడప నుంచి ఒక పాఠకుడు: సార్, మా నాన్నగారి 1996 మారుతి 800 ఇంకా నా దగ్గరే ఉంది, అమ్మడానికి మనసు రాదు. రాయచోటి పోవాలంటే గువ్వలచెరువు ఘాట్‌లో మధ్యాహ్నం పూట సగంలో ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే ఎక్కుతుంది. ఎలక్ట్రిక్ పంపు పెడితే తగ్గుతుందంటున్నారు. నిజమేనా, నేనే పెట్టుకోవచ్చా?

ఈ ఉత్తరం చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. పాత కార్బురేటర్ బండి, దానిమీద ప్రేమ ఉన్న మనిషి, ఘాట్ పైన కోవా అంగళ్లు. తడిగుడ్డ వైద్యం మా గురువుల కాలం నాటిది, తప్పేమీ కాదు.

జరుగుతున్నది ఇదీ. మీ బండిలో పంపు ట్యాంకులో లేదు, ఇంజను తల మీద బిగించి ఉంది. క్యామ్ షాఫ్ట్ దాని చేతిని పైకీ కిందికీ ఆడిస్తుంటే లోపలి రబ్బరు పొర, డయాఫ్రం, వెనక ట్యాంకు నుంచి పెట్రోలును పీలుస్తుంది. స్ట్రాతో మజ్జిగ పీల్చినట్టు. పీల్చే వైపు ఎప్పుడూ ఒత్తిడి తక్కువ ఉంటుంది, ఒత్తిడి తగ్గితే ఏ ద్రవమైనా తక్కువ వేడికే మరుగుతుంది. పెట్రోలులో తేలికపాటి భాగం 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడుతుంది, మన కడపలో మే నెల నీడలోనే 42, 43 ఉంటే బానెట్ కింద ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. ఘాట్‌లో రెండో గేరు, వేగం తక్కువ, గాలి తగలదు, ఇంజను కష్టపడుతుంది. పైపులో పెట్రోలు బదులు ఆవిరి బుడగలు నిండుతాయి, పంపు ఆవిరిని పీల్చలేదు, బండి ఆగుతుంది.

ఎలక్ట్రిక్ పంపును ట్యాంకు దగ్గర పెడితే అది పీల్చదు, తోస్తుంది. పైపంతా ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి అంత సులువుగా మరగదు. మీకు చెప్పినవాళ్లు చెప్పింది నిజమే. కానీ దానికి ముందు ఖర్చు లేని పనులు చూడండి. ఈసారి బండి ఆగగానే పెట్రోలు మూత తిప్పండి. బుస్ మని గాలి లోపలికి పోయిందంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది, మీ జబ్బు ఘాట్‌ది కాదు, మూతది. తర్వాత, పంపుకూ ఇంజనుకూ మధ్య మందపాటి నల్ల బేకలైట్ దిమ్మ ఉండాలి, వేడి పంపులోకి ఎక్కకుండా. ఎవరో ఎప్పుడో పంపు మార్చినప్పుడు అది పారేసి ఉత్త కాగితం ప్యాకింగ్ వేసి ఉంటారు, ఇలాంటివి చాలా చూశాను. పంపు నుంచి ట్యాంకుకు వెనక్కి పోయే సన్న పైపు మూసుకుపోయిందేమో ఊది చూడండి, ఊదమన్నాను, పీల్చమనలేదు, అదీ పైపును రెండు వైపులా ఊడదీశాకే. ఈ మూడూ సరిచేస్తే సగం బండ్లు ఘాట్ ఎక్కేస్తాయి.

అప్పటికీ ఎక్కకపోతే పంపు పెట్టండి. కార్బురేటర్‌కు కావలసింది మూడు నాలుగు పీఎస్‌ఐ ప్రెషరు మాత్రమే. షెడ్డులో పడి ఉందని ఏ కొత్త కారు ఇంజెక్షన్ పంపో తెచ్చి పెట్టారంటే అది మూడు బార్ కొడుతుంది, అంటే 43 పీఎస్‌ఐ. కార్బురేటర్‌లో సూది వాల్వు దాన్ని ఆపలేదు, పెట్రోలు పొంగి ఇంజను మీద కారుతుంది, సిలిండర్లలోంచి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. కార్బురేటర్ బండ్లకని అమ్మే తక్కువ ప్రెషరు పంపే కొనండి, ఐదు దాటితే రెగ్యులేటర్ కూడా పెట్టండి.

పంపు ట్యాంకు పక్కన, ట్యాంకు అడుగు మట్టం కన్నా కిందికి, సైలెన్సర్‌కు దూరంగా, రోడ్డు మీద రాళ్లు తగలని చోట బిగించాలి. దానికి ముందు ఒక ఫిల్టరు. పాత పంపును తీసేసి ఆ రంధ్రానికి రేకు, ప్యాకింగ్ వేసి మూసేయండి. అలాగే ఉంచి దాంట్లోంచే పెట్రోలు పోనిస్తే, ఏదో ఒకరోజు ముసలి డయాఫ్రం చిరిగి పెట్రోలంతా ఆయిల్ చాంబర్‌లోకి పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ వదిలేసేది, ఇంజను ఆగితే పంపు ఆగాలి. తాళానికి నేరుగా వైరు కలిపితే బండి బోల్తా పడినా పంపు తోస్తూనే ఉంటుంది. రిలేను ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా గాని, ఇంజను తిరుగుతుంటేనే పనిచేసే రిలే ద్వారా గాని కలపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆయిల్ ప్రెషరు ఉండదు కదా అంటారేమో, అందుకు సెల్ఫ్ నుంచి ఇంకో వైరు. ఈ వైరింగ్ మీకు అర్థమైతే పని మీరే చేసుకోండి. అర్థం కాకపోతే పైపుల పని మీరు చేసి, వైర్ల పని ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి, అందులో నామోషీ లేదు.

ప్రొద్దుటూరు నుంచి ఒక టీచరమ్మ: నమస్తే. నా కారు 2014ది. స్కూలుకు వెళ్లి రావడమే, నెలకు రెండు వందల కిలోమీటర్లు కూడా తిరగదు. పెట్రోలులో ఇథనాల్ 20 శాతం కలుపుతున్నారట కదా, పంపు పాడవుతుందని మావారు టెన్షన్ పెడుతున్నారు.

నమస్తే అమ్మా. ఈ20 పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలైంది, 2025కల్లా దాదాపు అన్ని బంకుల్లోకీ వచ్చేసింది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలో రబ్బర్లు, ప్యాకింగులు దానికి తగ్గట్టే ఉంటాయి. మీది అంతకు ముందుది. రేపే పంపు కాలిపోతుందని కాదు, కానీ పాత రబ్బరు గొట్టాలు, పంపు మూత కింది రింగు, కొన్ని ప్లాస్టిక్ ముక్కలు ఇథనాల్‌కు మెల్లగా ఉబ్బడమో, గట్టిపడి పగలడమో జరగొచ్చు. ఏడాదికోసారి సర్వీసింగ్‌లో పెట్రోలు గొట్టాలు చేత్తో నొక్కి చూడమనండి, మెత్తబడ్డవి, పగుళ్లు ఉన్నవి మార్పించండి. మైలేజీ కొంచెం తగ్గుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, ఆ లెక్కన ఉత్త పెట్రోలుతో పోలిస్తే ఈ20లో ఆరేడు శాతం శక్తి తక్కువ ఉంటుంది.

మీకు నేను జాగ్రత్త చెప్పేది వేరే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. తక్కువ తిరిగే బండి, ఎప్పుడూ కాస్తే పెట్రోలు, మిగతా ట్యాంకంతా గాలి, అందులో తేమ. ఎక్కువ నీళ్లు చేరితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి, పంపు నోరు ఉండేది ఆ అడుగునే. అందుకని ఎప్పుడూ సగానికి పైగా పెట్రోలు ఉంచండి, సెలవుల్లో పదిహేను రోజులకోసారైనా బైపాస్ మీద ఒక రౌండు వేయండి. సగం ఉంచితే ఇంకో లాభం, పంపును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులో నడిపేవాళ్ల పంపులే ముందు పోతాయి. మీవారికి ఈ మాట నా పేరు మీద చెప్పండి.

ఆదోని నుంచి ఒక పాఠకుడు: కారుకు గ్యాస్ కిట్ పెట్టించి రెండేళ్లయింది. పెట్రోలు అసలు వాడను, ట్యాంకులో ఎప్పుడూ ఒకటి రెండు లీటర్లే. అయినా రెండు పంపులు పోయాయి. వాడని పంపు ఎలా పోతుంది?

వాడుతున్నారు, మీకు తెలీదు. చాలా కిట్లలో గ్యాస్ మీద నడుస్తున్నా పంపు తిరుగుతూనే ఉంటుంది, ఇంజెక్టర్లు మాత్రమే ఆగుతాయి. రెండు లీటర్ల పెట్రోలు చుట్టూ తిరిగి తిరిగి వేడెక్కి, పంపు తల బయటికి వచ్చి, ఎండిపోయి కాలుతుంది. గ్యాస్‌లోకి మారగానే పంపును ఆపే రిలే ఒకటి కిట్ వేసినవాళ్ల చేతే పెట్టించండి, ట్యాంకులో పది లీటర్లు ఉంచండి, వారానికోసారి పది కిలోమీటర్లు పెట్రోలు మీద నడపండి.

నంద్యాల దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు: మామా, వీడియో చూసి నేనే పంపు తీశాను. రాత్రి పూట ఇంటి కింద పార్కింగ్‌లో చేశాను, ట్యాంకులో 30 లీటర్లు ఉంటే గొట్టం పెట్టి నోటితో లాగి కొంత తీశాను. బండి బాగానే నడుస్తోంది కానీ వెనక కూర్చుంటే పెట్రోలు వాసన వస్తోంది. ఏం మిస్ అయ్యాను?

నువ్వు మిస్ అయింది యమధర్మరాజును, అదీ వెంట్రుక వాసిలో. తిడుతున్నానని అనుకోవద్దు, అనుకున్నా పర్లేదు.

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. కనపడకుండా నేల మీద నీళ్లలా పారుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదిలే సరుకు అది. ఇంటి కింద పార్కింగ్ అంటే అక్కడే ఇన్వర్టరు, నీళ్ల మోటారు స్టార్టరు, ఒక మూల మీ అమ్మ పెట్టిన దీపం. ఈ పని పగటి పూట, ఆరుబయట, ట్యాంకులో పావు వంతు కన్నా తక్కువ ఉన్నప్పుడు చేయాలి. ముందు పంపు ఫ్యూజు పీకి, ఇంజను స్టార్ట్ చేసి, దానంతట అదే ఆగేదాకా ఉంచితే పైపుల్లో ప్రెషరు పోతుంది. తర్వాత బ్యాటరీ మైనస్ తీయాలి. పక్కన మంట ఆర్పే పొడి సిలిండర్ పెట్టుకోవాలి, బకెట్ నీళ్లు కాదు, పెట్రోలు నీళ్ల మీద తేలి మంటను ఇంకా పరుస్తుంది. బిగింపు రింగును ఉలి, సుత్తితో కొట్టకూడదు, చెక్కతోనో ఇత్తడితోనో మెల్లగా తట్టాలి.

నోటితో లాగడం ఇక జన్మలో చేయొద్దు. పొరపాటున గుటక పడితే కడుపు కన్నా ఊపిరితిత్తులకే ప్రమాదం, కొంచెం అటు పోయినా రసాయన న్యుమోనియా రావచ్చు. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. చేత్తో నొక్కే పంపు బజారులో దొరుకుతుంది.

వాసన సంగతి. పాత రబ్బరు రింగే మళ్లీ వేశావు కదా? పెట్రోలులో నానిన రింగు ఉబ్బి ఉంటుంది, గాడిలో సరిగా కూర్చోదు. పంపు మూత తీసిన ప్రతిసారీ కొత్త రింగు వేయాలి. అది వేసేదాకా బండి తీయకు, వెనక పిల్లల్ని అసలు కూర్చోబెట్టకు.

పులివెందుల నుంచి ఒక రైతు: పాత డీఐ బొలెరో. డీజిల్ అయిపోయి ఆగింది, పోసినా స్టార్ట్ కావడం లేదు, బ్యాటరీ కూడా దిగింది.

గాలి పట్టింది, పంపుకు ఏమీ కాలేదు. ఫిల్టర్ దగ్గర చేత్తో కొట్టే పంపు ఉంటుంది, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి ఉత్త డీజిల్ వచ్చేదాకా కొట్టి, బిగించి సెల్ఫ్ కొట్టండి. అడుగున నీళ్లు దించే మర కూడా ఒకసారి తిప్పండి. కామన్ రైల్, అంటే కొత్త తరం డీజిల్ బండి ఉన్నవాళ్లు దీన్ని చదివి ఇంజను దగ్గరి పైపులు వదులు చేయకండి, అక్కడ వెయ్యి బార్ దాటిన ప్రెషరు ఉంటుంది, సన్న ధార చర్మాన్ని కోసి లోపలికి పోతుంది.

కదిరి నుంచి ఒక పాఠకుడు: పొద్దున మొదటిసారి సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి, రెండోసారికి ఠక్కున అందుకుంటుంది. రోజంతా బాగుంటుంది. పంపు మార్చమంటున్నారు.

రేపు పొద్దున సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి, ఝుంయ్ ఆగాక ఆఫ్ చేసి, మళ్లీ ఆన్, ఇలా మూడుసార్లు చేసి అప్పుడు కొట్టండి. వెంటనే అందుకుంటే పంపు తోడుతోంది, రాత్రంతా ప్రెషరు నిలబెట్టే చోట ఎక్కడో కారుతోంది. పంపు తలలో ఉండే చిన్న వాల్వు కావచ్చు, రెగ్యులేటర్ కావచ్చు, కారే ఇంజెక్టర్ కూడా కావచ్చు. ఇంజెక్టర్ అయితే స్టార్ట్ అయినప్పుడు నల్ల పొగ, పెట్రోలు కంపు వస్తాయి. మూడుసార్లు తిప్పినా అంతే ఉంటే కథ వేరు. చూసి రాయండి, ప్రెషర్ గేజీ ఎలా పెట్టాలో వచ్చే నెల చెప్తాను.